మూడు పిడికిళ్ల ఇసుక

బడి గోడకు వేలాడే పటంల గోదారి నట్టనడుమ ఒక గీత ఉంటది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతది. గీసినోడెవడో గని, గోదారిని కాగితం మీదనే చూసి ఉంటడు. ఏటా వానలకు పక్క మార్చే నదికి నడుమ ఎక్కడుంటదో వచ్చి చూపెట్టుమనుండ్రి వాణ్ని. మేము చూపెట్టేటోళ్లం. ఏడాదికి ఒక్కసారి, ఒక్క ఎండు సొరబుర్రతోని చూపెట్టేటోళ్లం. చదువుకున్నోళ్లు ఈ మాటకు నవ్వుతరు. నవ్వనీ, నాకేంది.

నేను పుట్టింది నిజాం రాజ్యంల, మెట్టింది బస్తర్ రాజ్యంల. వినేటోళ్లకు ఏడు సముద్రాలు దాటి వచ్చినట్టు ఉంటది. దాటింది ఒక్క గోదారి. తర్లగూడకు ఎగువన మా అత్తగారి ఊరి రేవుల నిలబడితే, అవతలి ఒడ్డున మా అమ్మ పొయ్యి పొగ కనబడేది. పొద్దుగాల ఆ పొగ లేస్తే, మా అమ్మ అంబలి కుండ పెట్టింది అనుకునేదాన్ని. కానీ రాజ్యాలు రాజ్యాలే. ఇక్కడ సర్కారు మాట జగదల్‌పూర్ నుంచి రావాలె, అక్కడి మాట హైద్రాబాద్ నుంచి రావాలె. అవి మా ఊర్లు చేరేసరికి ఎండకాలం పోయి వానకాలం వచ్చేది. అందాక మా పని మేమే చూసుకునేటోళ్లం.

మాది కుండమార్పిడి పెండ్లి. నన్ను ఇటు ఇచ్చి, మా ఆయన చెల్లెను మా అన్నకు చేసుకున్నరు. ఒక్క పందిట్ల రెండు లగ్గాలు. గనుక అవతలి ఒడ్డున నాకు తోడబుట్టినోడు ఒక్కడే కాదు, మా అత్త కన్నబిడ్డ నాకు వదినై ఆ ఇంట్లనే ఉన్నది. ఈ సంగతి యాది పెట్టుకోండ్రి. నేను ఒకసారి మర్చిపోయిన, ఇప్పుడు చెప్పబోయేది ఆ సంగతే.

మా అత్త చెయ్యి మంచిది, నోరే కారం. నన్ను పేరు పెట్టి పిలిచేది కాదు, "అటు పిల్ల" అనేది. కూరల ఉప్పెక్కువైతే అటోళ్లకు ఉప్పు చవక గావచ్చు అనేది. బిందె ఒలికితే, అటుదిక్కు గోదారి వెడల్పు గదా, నీళ్ల విలువేం తెలుస్తది అనేది. అదే గోదారి గదా అత్తా అని నేను తిరిగి అనేదాన్ని. నాకూ నోరు తక్కువేం లేదు. కానీ ఎంత నోరున్నా, పొద్దుమీకినంక ఒక్కదాన్నే గింజలు చెరుగుకుంట కూసుంటే కండ్లల్ల నీళ్లు తిరిగేయి. ఏడాదిన్నర అయింది, ఇంకా నేను ఈ ఇంటి మనిషిని కాలేదు.

ఇగ దిబ్బ సంగతి. వరదలు తగ్గినంక మా రెండూర్ల నడుమ గోదారిల ఒక ఇసుకదిబ్బ తేలేది. పొడుగు మస్తు, ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిస్తే కాళ్లు గుంజేయి. దానికి అటో ధార, ఇటో ధార. ఒక్కో ఏడు పెద్దధార అటు పారేది, ఒక్కో ఏడు ఇటు. పెద్దధారనే రెండు రాజ్యాల హద్దు. అది దిబ్బకు అవతలికెల్లి పోతే దిబ్బ మాది, ఇవతలికెల్లి పోతే అటోళ్లది. దిబ్బ వచ్చినోళ్లు తడి తగిలేదాక గుంతలు తీసి, మేకపెంట వేసి, పుచ్చ, దోస, సొర పెట్టేటోళ్లు. గోదారి చలువకు అవి పారుతుంటే చూడాలె! దిబ్బ రానోళ్ల చెయ్యి ఉత్తగ పోయేది కాదు. బండ కింది చేపల మడుగు, పడవ రేవు ఆ ఏటికి వాళ్లవి. "ఇసుక ఒకరికి, నీళ్లు ఒకరికి" అనేది మా దిక్కు మాట. ఈ పంపకం ఏ రాజూ రాసియ్యలేదు, ఏ రాజుకూ తెల్వదు.

పెద్దధార ఎటున్నదో తేల్చేది సొరబుర్ర. దీపావళి పోయి, నీళ్లు తేటపడ్డంక, ఎగువన గోదారి నడుమ ఉన్న బండకాడ బుర్రను విడుస్తరు. రెండు ఒడ్ల నుంచి రెండు పడవలు దాని ఎనుక పోతయి. అది ఏ ధార పట్టి పోతే అదే పెద్దధార. ఉత్త బుర్రను విడిస్తే పని చెడుతది. బోలుబుర్ర గాలి మాట వింటది గని నీళ్ల మాట వినది. కార్తీకంల గాలి మా అడవి దిక్కు నుంచి అవతలి ఒడ్డుకు కొడతది. అందుకే బుర్రల మూడు పిడికిళ్ల తడి ఇసుక పోసి, తేనెమైనంతోని మూతి మూస్తరు. అప్పుడు అది మెడదాక మునిగి, లోపలి నీళ్లు ఎటు గుంజితే అటే పోతది.

బుర్రను కట్టి విడిచేది ఎవరనుకున్నరు? ఒక ఒడ్డున పుట్టి ఇంకో ఒడ్డున మెట్టిన ఆడమనిషి. రెండిండ్ల మనిషి ఏ ఇంటికీ అన్యాయం చెయ్యదని పెద్దల నమ్మకం. ఆ పెద్దలకు కొత్తకోడండ్ల సంగతి తెల్వదు.

నా వంతు వచ్చిన ఏడే సర్కార్లు దిగినయి. అంతకుముందు టేకు దుంగల తెప్పలు దిబ్బకు తట్టుకొని ఆగితే, మావంటే మావని రెండు సర్కార్లు కొట్లాట పెట్టుకున్నయట. ఇగ ఇట్ల కాదు, హద్దు ఒక్కసారే తేల్చి రాళ్లు పాతుదామని అనుకున్నరు. ఇటు నుంచి తాసీల్దారు, అటు నుంచి నిజాం ఆఫీసరు అమీను వచ్చిండ్రు. వాళ్ల మనుషులు వెదురు గడలు పట్టుకొని నాలుగు రోజులు లోతు కొలిచిండ్రు. గోదారి ఊకుంటదా? ఒక్కో రోజు ఒక్కో లెక్క చెప్పింది. వాళ్లు విసిగిపోయి, మీ ఆచారమే కానియ్యండ్రి, బుర్ర ఎటు పోతే అటే గీత అన్నరు. కానీ ఆ గీత ఈ ఒక్క ఏటికి కాదు, ఎప్పటికీ. దిబ్బ ఎవరి గీతల పడితే మడుగు, రేవు అన్నీ వాళ్లవే. అవతలోళ్లు చిట్టీ లేనిది కాలు పెట్టొద్దు. సగం సగం పంపకాలు ఇగ చెల్లవన్నరు.

ఆ వానకాలమే గోదారి మా అన్న చెలకను కోసుకొని పోయింది. గట్టు, జొన్న, కంది, అన్నీ నీళ్ల పాలు. అప్పటికి వాళ్లకు మిగిలిన ఆశ దిబ్బ, అది రాకపోతే మడుగు. ఈసారి దిబ్బ పోతే మడుగు సుత పోతది. వదినకు మూడో నెల.

ఇదంతా నాకు తెల్వదా? తెల్సు. మా ఊర్ల కూడా అందరికీ తెల్సు. కానీ ఎప్పటికీ మనదే అనే మాట ఊర్లె పడ్డంక మనుషులకు నిద్రపట్టలే. మా అత్త నన్నేం అడగలేదు, ఆ మాట న్యాయంగ చెప్పాలె. పొద్దున బుర్రను నా ముందల పెట్టి, "చూద్దాం, అటు పిల్ల చెయ్యి ఎటు తూగుతదో" అని పాలకుండ కడగ పోయింది. గంతే అన్నది. నాకు చెంపమీద కొట్టినట్టు అనిపించింది.

ఒక పిడికిలి పోసిన. రెండో పిడికిలి పోసిన. మూడోది చేతిల పట్టుకొని చాలాసేపు కూసున్న. తడి ఇసుక వేళ్ల సందుల నుంచి మోచేతిదాక కారింది. ఈ ఒక్క పిడికిలి లేకపోతే బుర్ర రెండు వేళ్లు పైకి తేలుతది, గాలి పట్టుకుంటది, అటు నెట్టుతది, దిబ్బ మనకొస్తది. అప్పుడైనా నన్ను ఈ ఇంటిదాన్ని అంటరు. ఆ ఇసుకను గడప పక్కన పోసి, బుర్రకు మైనం పెట్టి మూసిన. నాకు ఎవరూ నేర్పలేదు, ఎవరూ బలిమి చెయ్యలేదు. నేనే చేసిన.

ఒడ్డంతా జనం. తాసీల్దారు, అమీను మా ఒడ్డునే పక్కపక్కన కుర్చీలేసుకొని కూసున్నరు. ఒకాయన హిందీ, ఇంకొకాయన ఉర్దూ. మా చెవులకు ఇద్దరిదీ ఒక్క మాటలెక్కనే వినబడేది, కాగితం కాడికొస్తే ఒకరి రాత ఒకరు చదవలేరు. మా పడవల నేను, మా ఆయన. అవతలి పడవల మా అన్న. నడుమ బండకాడ రెండు పడవలు ఒరుసుకున్నయి. బాగున్నవా చెల్లే అని అడిగిండు. బాగున్న అని చెప్పిన గని మొఖం చూడలే.

బుర్రను విడిచిన. అది నీళ్లల్ల ఒకసారి మునిగి లేచి నిలబడింది. మెడ ఒక్కటే కనబడాల్సింది, రెండు వేళ్ల కడుపు సుత కనబడింది. ఒడ్డు మీదోళ్లకు అంత దూరం ఏం తెలుస్తది? మా ఆయన తెడ్డు మీద ధ్యాస పెట్టిండు. మా అన్న చూసిండు. బుర్రను చూసిండు, తర్వాత నన్ను చూసిండు. మా అమ్మ సుత ఇటు పుట్టి అటు మెట్టినామె, చిన్నప్పటి నుంచి ఆమె బుర్రలు కట్టంగ ఇద్దరం పక్కన కూసొని చూసినోళ్లం, ఆయనకు ఎవరు చెప్పాలె? నోరు తెరుస్తడనుకున్న. గాలి బుర్రను మెల్లగ అవతలి ధారకు తోసింది. ఆయన మొఖం తిప్పుకొని తెడ్డు వేసిండు.

ఎందుకు మాట్లాడలేదో నాకు అప్పుడే సమజైంది. మాట్లాడితే చెల్లె పరువు పోతది. అత్తగారి ఊరి ముందల, రెండు సర్కార్ల ముందల దొంగ అనిపించుకుంటది. దాని కన్న తన ఇంటి తిండి పోయినా సరే అనుకున్నడు.

బుర్ర దిబ్బ అవతలికెల్లి పోయింది. మా ఒడ్డున డోలు మోగింది. పాత ఏడు దిబ్బ ఎవరిదైతే వాళ్లు కొత్తోళ్లకు విత్తనం ఇయ్యాలె, అది మా రెండూర్ల పద్ధతి. కిందటేడు దిబ్బ అటోళ్లది. మా అన్న పడవ దగ్గరికి తెచ్చి, గుడ్డల కట్టిన మూట నా ఒళ్లె పెట్టిండు. "వదిన ఏరి కట్టింది. తాలు లేదు, అన్నీ గట్టి గింజలే. మంచిగ పెట్టుకోండ్రి" అన్నడు. పడవ తిప్పుకొని పోయిండు.

మేము ఒడ్డుకు చేరంగనే మా అత్త ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకున్నది. "మా కోడలు చెయ్యి" అని అందరికీ చూపెట్టింది. ఏడాదిన్నర నుంచి నేను ఎదురుచూసిన మాట అది. అక్కడ తాసీల్దారు కాగితం మీద రాస్తున్నడు. ఎడ్లబండిల నుంచి హద్దురాళ్లను దింపుతున్నరు. ఒళ్లె మూట బరువుగున్నది. వదిన ఒక్కో గింజను గోటితోని నొక్కి చూసి ఏరుతదని నాకు తెల్సు. చెలక పోయిన ఇంట్ల కూసొని, ఆకలి కడుపుతోని, ఎవరికో పోయే గింజలను అట్లనే ఏరింది.

"అత్తా, బుర్రల రెండు పిడికిళ్లే పోసిన," అని చెప్పిన. "మూడోది మన గడపకాడ ఉన్నది."

డోలు కొట్టేటాయన ఆపిండు. మా ఆయన నా దిక్కు చూసి తల దించుకున్నడు. మా అత్త నా చెయ్యి ఇడిచిపెట్టింది.

"ఎందుకు చేసినవే?"

"నీ కోడలిననిపించుకోనీకి."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నవ్? అనిపించుకున్నవ్ గదా."

"అక్కడ పొయ్యి ఆరితే అది మా అమ్మ పొయ్యొక్కటే కాదత్తా. నీ బిడ్డది సుత."

మా అత్త ఉన్నకాడనే ఇసుకల కూలబడ్డది. కొడుతదేమో అనుకున్న, కొట్టినా పడుదామనుకున్న. ఆమె అవతలి ఒడ్డు దిక్కు చూసింది. అక్కడ జనం అప్పటికే ఇండ్లకు మళ్లుతున్నరు. తర్వాత లేచి, చీర దులుపుకొని, సక్కగ తాసీల్దారు కుర్చీకాడికి నడిచింది. వచ్చీరాని హిందీల, బుర్ర మళ్ల విడవాలె అన్నది. ఆయన ఇగ అయిపోయింది, రాసేసినం అన్నడు. మా అత్త వెనుకకు తగ్గలే.

"రాసింది నీ కాగితం దొరా. విడిచింది మా బుర్ర. మా బుర్ర తప్పు," అన్నది. ఆ ముక్క మాత్రం తెలుగులనే అన్నది. ఆయనకు సమజయ్యే ఉంటది, ఎందుకంటే కలం కింద పెట్టిండు.

మా ఆయన పడవేసుకొని పోయి బుర్రను పట్టుకొచ్చిండు. మా అత్త ఇంటికి పోయి, గడపకాడ నేను పోసిన ఇసుకను కొంగుల ఎత్తుకొచ్చింది. ఆమెనే పోస్తదనుకున్నం అందరం. పొయ్యలే. ఇది అటోళ్ల చేతుల నుంచి పడాలె, నా బిడ్డను తోలుకరండ్రి అన్నది. మా ఆయన పోయి మా అన్నను, వదినను పడవల తీసుకొచ్చిండు. వదినకు సంగతి దారిల చెప్పినట్టున్నరు. నా దిక్కు చూసి, నీకు ఇంత నోరుండి నా పొయ్యి సంగతి మా అమ్మతోని ముందే అనలేకపోయినవా అని మెల్లగ తిట్టింది. తల్లికొంగుల నుంచి ఇసుక తీసి బుర్రల పోసింది. ఇద్దరం కలిసి మైనం ఒత్తినం.

రెండోసారి బుర్ర మెడదాక మునిగింది. గాలి దాన్ని ఏం చెయ్యలేకపోయింది. బండకాడ కొంచెం సేపు తిరిగి, మా ఒడ్డు దిక్కు ధార పట్టుకొని, నిమ్మళంగ మా ముందలికెల్లే దిగిపోయింది. దిబ్బ అటోళ్లదయింది. నేను విత్తనం మూట మా అన్న చేతుల తిరిగి పెడితే, ఆయన దాన్ని పట్టుకొని అట్లనే నిలబడ్డడు.

ఇగ చూడండ్రి, దొరల పంచాది మొదలైంది. తాసీల్దారు మొదటి బుర్రే లెక్క అన్నడు. అమీను రెండో బుర్రే లెక్క అన్నడు. ఎవరి కాగితం వాళ్లు రాసుకున్నరు, ఒకరి కాగితం మీద ఇంకొకరు సంతకం పెట్టం అన్నరు. మీదికి రాసి అడుగుతం, జవాబు వచ్చేదాక ఎప్పటి పద్ధతే నడవనియ్యండ్రి అని చెప్పి ఎవరి దారిన వాళ్లు పోయిండ్రు. ఆ జవాబు రాకముందే రెండు రాజ్యాలూ పోయినయి. రాళ్లను మళ్ల బండికెత్తే ఓపిక ఎవరికీ లేక ఒడ్డునే ఇడిచిపెట్టిండ్రు. ఒకదానికి పడవ కట్టేసేటోళ్లం. ఇంకోదాని మీద నేను ఎన్నేండ్లు బట్టలు ఉతికిన్నో లెక్క లేదు. మంచి నున్నటి రాయి.

ఆ ఏడు మడుగు మాది, రేవు మాది. ఎప్పటిలెక్కనే బతికినం. కానీ ఊరు నన్ను అంత తొందరగ మర్చిపోలేదు. రేవుకాడ ఆడోళ్లు నేను రాంగనే మాట ఆపేటోళ్లు. కొందరికి నేను మోసం చేసినందుకు కోపం, ఎక్కువమందికి చేసిన మోసాన్ని చెప్పినందుకు కోపం. మా అత్త సుత నెల రోజులు నాతోని మాట్లాడలే. వంట మాత్రం వంక పెట్టకుండ తిన్నది. అది నాకు ఇంకా భయం పుట్టించింది. ఎండకాలం మొదట్ల వదిన దిబ్బ మీది మొదటి పుచ్చకాయ పంపితే, మా అత్త దాన్ని కోసి, నడిమి ముక్క నా ముందల పెట్టి పోయింది. ఆ రోజు కడుపునిండ ఏడ్చిన.

మళ్ల దీపావళి వచ్చి పోయింది. నీళ్లు తేటపడ్డయి. బుర్ర ఎవరు కట్టాలని పెద్దమనుషులు మా వాకిట్లనే కూసున్నరు. ఈ పిల్ల వద్దు, ఒకసారి తప్పు చేసిన చెయ్యి అన్నడు ఒకాయన. అందరూ తలలూపిండ్రు. నేను తలుపు చాటున నిలబడ్డ. వాళ్లు అన్నదాంట్ల తప్పేం కనబడలే నాకు.

మా అత్త లోపలికెల్లి బుర్ర తెచ్చి నా చేతుల పెట్టింది. పెద్దమనుషుల దిక్కు తిరిగింది.

"మూడో పిడికిలి బరువెంతో మీకు తెల్సా? మా కోడలికి తెల్సు."

ఆ ఏటి నుంచి బుర్ర కట్టుడు ఒక్కరి పని కాదు, రెండు ఒడ్ల ఆడోళ్లు కూసొని కట్టాలె అని పద్ధతయింది. నడుమ బండ మీద నేను, వదిన ఎదురెదురు కూసున్నం. రెండు పిడికిళ్లు నేను పోసిన, మూడోది వదిన పోసింది. ఆమె బిడ్డను ఎత్తుకొని పక్కన కూసున్న మా అత్త మైనం వేడి చేసి అందించింది.

ఆ ఏడు దిబ్బ ఎవరికొచ్చింది నానమ్మా అని మనవండ్లు అడుగుతుంటరు. ఒట్టు, నాకు యాదికి లేదు.